అగ్బెకో మాస్టారి పద్నాలుగు వాక్యాలు

"…కాదన్నా, మీ ఊరికీ మా ఊరికీ మధ్య ఒక్క గేటే అడ్డం. నువ్వు మాట్లాడేదీ నేను మాట్లాడేదీ ఒకటే భాష. మరి పొద్దున్నే నా మొహాన ఆ ఫ్రెంచి ఎందుకు చదువుతావు?"

"విషయం వైద్యానికి సంబంధించిందమ్మా."

"వేరుశనగ పులుసు వైద్యానికి సంబంధించింది ఎప్పుడైంది?"

"మధ్యలో అడ్డు రాకు. ఆరో వాక్యంలో ఉన్నాను. ఇప్పుడాగితే మళ్ళీ మొదటికెళ్ళాలి."

"నీకోసం వేరే కుండ పొయ్యి మీదే ఉంది కదయ్యా. పదకొండేళ్ళుగా ఉంటోంది. నా కూతురు ఆ ఫ్రెంచి వింటూ పుట్టింది, వింటూనే బడికెళ్తోంది."

"ఉండనీ. చెప్పాల్సింది చెప్పాలి," అని ఆయన కాగితం కళ్ళకు దగ్గరగా జరుపుకుని మళ్ళీ మొదటి వాక్యం నుంచి ఎత్తుకున్నారు.

ఆమె అబ్లా. సరిహద్దుకు అవతల, ఆఫీసులన్నీ ఫ్రెంచిలో నడిచే పక్క దేశంలో, లోమే బస్టాండు పక్కన భోజనాల పాక నడుపుతుంది. ఆయన మా అగ్బెకో మాస్టారు. సరిహద్దుకు ఇవతల, మా కేటా ఊళ్ళో, ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మా చర్చి పాటల బృందానికి పెద్ద. ఆయన గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెబుతాను: ఆయనకు ఫ్రెంచిలో పద్నాలుగు వాక్యాలు వచ్చు. పద్నాలుగూ వేరుశనగ గురించే.

మంచినీళ్ళు ఎక్కడని ఫ్రెంచిలో అడగలేరు. దారి తప్పితే ఇంతే సంగతులు. కానీ వేరుశనగ తనకు పడదన్న సంగతి మాత్రం న్యాయాధిపతి తీర్పు చదివినట్టు నిలబడి, గొంతు సవరించుకుని, ఒక్క కామా కూడా వదలకుండా చెప్పగలరు. "అయ్యలారా, అమ్మలారా, నమస్కారములు. నేను అలర్జీ అను వ్యాధిచే బాధితుడను. వేరుశనగ గింజ గాని, పొడి గాని, నూనె గాని, ముద్ద గాని, వానిని తాకిన గరిటె గాని నా ప్రాణమునకు హాని కలిగింపగలదు." ఇలా మొదలై, "కావున ఈ విషయమును తేలికగా తీసుకొనరాదని సవినయముగా మనవి చేయుచున్నాను" అనే పద్నాలుగో వాక్యంతో ముగుస్తుంది. ముగిశాక కాగితం వాళ్ళ వైపు తిప్పి అడుగున ఉన్న గుండ్రటి ఊదారంగు స్టాంపు చూపిస్తారు. స్టాంపు చూశాక మాట్లాడిన వంటమనిషిని నేను చూడలేదు.

ఆ కాగితానికి ప్లాస్టిక్ కవరు, ఆ కవరుకు పాటల పుస్తకంలో ప్రత్యేకమైన చోటు. పాస్‌పోర్టు ఇంట్లో మర్చిపోయిన ఏడు ఉంది గాని కాగితం మర్చిపోయిన ఏడు లేదు.

సరిహద్దు గేటు దగ్గర ఒకసారి కొత్త పోలీసాయన బస్సెక్కి, ఎంతమందని ఫ్రెంచిలో అడిగాడు. మాస్టారు లేచి నిలబడి పద్నాలుగు వాక్యాలూ అప్పజెప్పారు. పాపం ఆ అబ్బాయి మంచివాడు. కంగారుపడి బస్సు దిగి నీళ్ళు తెచ్చాడు. తరవాత మా పందొమ్మిది మందినీ వరసగా అడిగి ఎవరి సంచిలో వేరుశనగ ఉన్నా బయట పెట్టించాడు. మా యావా పిన్ని దారిలో కొరుక్కుందామని వేయించి తెచ్చుకున్న పొట్లాం పోయింది. గేటు దాటుతుంటే వెనక్కి తిరిగి చూశాను. పోలీసాయన స్టూలు మీద కూర్చుని ఆ పొట్లాం నములుతున్నాడు.

"నీ రోగం వల్ల వాడి పొట్ట నిండింది," అంది యావా పిన్ని. ఆవిడ మా బృందంలో వెనక వరస గొంతు, ఊరి సంగతుల్లో మాత్రం ముందు వరస.

"గేటు దాటాం కదమ్మా," అన్నారు మాస్టారు. పాటల పుస్తకం మూసి, కళ్ళు మూసుకుని, ఎంతో తృప్తిగా.

ఇదంతా ఆయన ఒక్కడి గొడవే అయితే మాకేం పోయింది? కానీ మా బృందానికి ఒక నియమం ఉంది, పెట్టింది ఆయనే. ప్రయాణంలో అందరూ ఒకే కుండలోంచి తినాలి. కలిసి తినని వాళ్ళు కలిసి పాడలేరట. అందుకని మాస్టారికి పడనిది మాలో ఎవరికీ అందేది కాదు. మా వైపు వాళ్ళకి వేరుశనగ పులుసంటే ఏమిటో చెప్పి నన్ను నేను బాధపెట్టుకోను. కోడిని ముక్కలు కొట్టి, వేయించిన వేరుశనగ ముద్ద కలిపి, నూనె పైకి తేలేదాకా ఉడికించి, పక్కన వేడి పెండలం ముద్ద పెడితే, పగవాడు పిలిచినా వెళ్ళి కూర్చుంటాం. పదకొండేళ్ళు ఊరూరా ఆ వాసన మాత్రం పీల్చి, పక్క కుండలోని టమాటా పులుసు తిన్నాం. ఆ పులుసుకి చిక్కదనం రావాలని ఎండురొయ్యల పొడి దండిగా వేసేవారు. మాది రొయ్యలు పట్టే కుటుంబం. పట్టడం, ఎండబెట్టడం, సంతకు పంపడమే తప్ప ఇంట్లో వండుకోవడం ఎరగం. అలా చూస్తే నాకు ఆ పులుసు యాత్రకెళ్తేనే దక్కే భోగం. అయినా మనసు పక్క కుండ మీదే.

నేను పెద్ద డోలు వాయిస్తాను. నా పేరు సెన్యో. మాస్టారి మీద అందరికంటే ఎక్కువ సణిగింది నేనే. అది కూడా చెప్పుకోవాలి.

ఒకసారి అడిగేశాను. "మాస్టారూ, అబ్లా మన మనిషే. లోమేలో వంటచేసే ఆడవాళ్ళంతా మన భాషే మాట్లాడతారు. నాకు వేరుశనగ పడదమ్మా అని నాలుగు మాటల్లో చెప్తే అయిపోయేదానికి ఇంత తతంగం ఎందుకు?"

ఆయన నా వైపు భాగహారం రాని పిల్లవాణ్ణి చూసినట్టు చూశారు. "మన భాషలో పడదంటే ఏమనుకుంటారు?"

"అజీర్తి అనుకుంటారు."

"తినకూడదంటే?"

"ఏ దేవతకి మొక్కారు, ఏ వంశం అని అడుగుతారు."

"చచ్చిపోతాను అంటే?"

"నవ్వుతారు. నా పులుసు తిని చావడమేంటని పెద్ద గిన్నెలో పోస్తారు."

"అదీ. అదే ఫ్రెంచిలో చెప్తే వాళ్ళకి ఆసుపత్రి కనిపిస్తుంది. ఆఫీసు కనిపిస్తుంది. ఎవరో వచ్చి సంతకం పెట్టమంటారేమోనని భయం వేస్తుంది. భయం ఉన్నచోట గరిటె శుభ్రంగా ఉంటుంది, సెన్యో."

ఆయన చెప్పింది ఎంత నిజమో మరుసటేడు తెలిసింది. మాస్టారికి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. లోమేలో కొత్త పాకలో దిగాం. కాగితం నేను చదువుతానంటే, నీ ఉచ్చారణకి వాళ్ళు భయపడరని సైగ చేశారు. యావా పిన్ని ముందుకొచ్చి మన భాషలోనే చెప్పింది. ఆ వంటావిడ ఎంతో ఆప్యాయంగా పిన్ని చెయ్యి పట్టుకుంది. "మా మరిది కూడా ఇట్లాగే అనేవాడక్కా. పెళ్ళయ్యాక అన్నీ తింటున్నాడు. మీ మాస్టారిది ఏ వంశం? సముద్రం పక్కవాళ్ళా? అయితే మొక్కు పామువైపుదేమో. ఫర్లేదు, ఒక్క చెంచా వేస్తాను, చిక్కదనానికి. తెలియను కూడా తెలియదు." మాస్టారు కుండ మీదికి వంగి వాసన చూసి, మా అందరినీ బస్సెక్కించారు. ఆ పూట అరటిపళ్ళు తిన్నాం.

ఇక అసలు సంగతికొస్తాను. నేను మొదట చెప్పిన ఆ పొద్దున, అబ్లా దగ్గర తిని, లోమే దాటాక వచ్చే అనేహో ఊరికి బయలుదేరాం. అనేహో చర్చికి నూటయాభై ఏళ్ళు నిండాయని ఆదివారం పాటలకు మమ్మల్ని పిలిచారు. అంత దూరం నుంచి పిలుపు రావడం మా బృందానికి అదే మొదలు. పిలుపు వచ్చింది దెలాలి గొంతు గురించి విని. దెలాలి మా ముందు గొంతు, పాట ఎత్తుకునేది ఆమే. పద్దెనిమిదో ఏట బృందంలో చేరింది, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. ఆ అమ్మాయి పాడుతుంటే మా సరస్సు మీద పడవలవాళ్ళు తెడ్లు ఎత్తి పట్టుకునేవారంటే మీరు నమ్మనక్కర్లేదు. నేను చూశాను.

దారిలో నాకు మెడ మీద దద్దుర్లు మొదలయ్యాయి. ప్రయాణమంటే నాకిది మామూలే. బస్సు సీట్లలో నల్లులుంటాయి. డ్రైవరుతో ఏటా ఇదే తగువు.

"కవర్లు నిన్ననే మార్చానయ్యా. నల్లి కాదు కదా, నల్లి పేరు కూడా లేదు ఈ బస్సులో."

"మరి ఇదేంటి?" అని మెడ చూపించాను.

డ్రైవరు చూడలేదు గాని మాస్టారు కాసేపు చూసి, మళ్ళీ కిటికీ వైపు తిరిగారు.

మధ్యాహ్నానికి అనేహో చేరాం. చర్చి ఆవరణలో పొడుగాటి బల్లలు వేసి ఉన్నాయి. వాసన వీధి మొదటనే ఎదురొచ్చింది. కోడి, వేరుశనగ. మా వాళ్ళంతా ఒకేసారి నిట్టూర్చారు. మాస్టారు పాటల పుస్తకం తెరిచారు.

పొయ్యి దగ్గర మాబ్లే మేడం నిలబడి ఉంది. డెబ్భై ఏళ్ళుంటాయి. సన్నగా, నిటారుగా, గరిటెను బెత్తంలా పట్టుకుని. ఆ చర్చి ఆడవాళ్ళందరికీ పెద్ద. ఆవిడ వేరుశనగ పులుసు తినడానికి పక్క దేశం నుంచి కూడా వస్తారని మాకు ముందే చెప్పారు. ముప్ఫై నాలుగేళ్ళు ఆవిడ బళ్ళో ఏం బోధించిందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మాస్టారు గొంతు సవరించుకుని పద్నాలుగు వాక్యాలూ చదివారు. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది. అయిపోయాక కళ్ళు తెరిచింది.

"కూర్చోండి. మూడో వాక్యం తప్పు. తొమ్మిదోది అసలు వాక్యమే కాదు. పదకొండులో మీరు చెప్పినదాన్ని బట్టి అలర్జీ గరిటెకి, మీకు కాదు."

మా బృందం చరిత్రలో వాక్యాలు విని భయపడని మొదటి మనిషి ఆవిడ. బోధించింది ఫ్రెంచి.

మాస్టారు కాగితం ఆవిడ వైపు తిప్పి స్టాంపు చూపించారు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితం వెలుతురుకి పట్టి, గుండ్రంగా ఉన్న అక్షరాలు తల తిప్పుతూ చదివింది.

"ఏదో ఫుట్‌బాల్ క్లబ్బులా ఉందే."

మాకూ అప్పుడే తెలిసింది.

"సరే," అని ఆవిడ టీచరు గొంతు వదిలేసింది. "మామూలుగా చెప్పు నాయనా. తింటే ఏమవుతుంది నీకు?"

"ముందు పెదాలు దురద పెడతాయి. తరవాత నాలుక మొద్దుబారుతుంది. గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టు ఉంటుందట. ఊపిరి అందదు. పిలుద్దామంటే గొంతు ఉండదు."

ఆయన అంత సూటిగా, పుస్తకం భాష లేకుండా చెప్పడం నేనెప్పుడూ వినలేదు. మేడం కూడా గరిటె కిందికి దించింది. కానీ ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల సాకులు విన్న మనిషి.

"మా చెల్లెలి కూతుర్ని కేటాలోనే ఇచ్చాం," అంది. "సంతలో వేరుశనగ ముద్ద అమ్ముతుంది. ప్రతి శనివారం ఒక పెద్దాయన వచ్చి రెండు డబ్బాలు పట్టుకెళ్తాడట. చర్చి పాటల మాస్టారట. ఎడమ చెవి వెనక పులిపిరి ఉంటుందట."

పందొమ్మిది తలలు ఒకేసారి అటు తిరిగాయి. మాస్టారు చెవి మీద చెయ్యి పెట్టుకున్నారు. కుడి చెవి మీద.

ఆ తరవాత లేచిన గోల నేను రాయలేను. అందులో సగం నాదే. "పదకొండేళ్ళు మాస్టారూ," అన్నాను. "పదకొండేళ్ళు మా ముక్కు ఒక కుండ దగ్గర, నోరు ఒక కుండ దగ్గర." యావా పిన్ని తన పొట్లాం ఊసు మళ్ళీ ఎత్తింది. డ్రైవరు, బృందంలో లేనివాడు, అతను కూడా రెండు మాటలన్నాడు. మాస్టారు కాగితం మడిచి కవర్లో పెట్టి, కవరు పుస్తకంలో పెట్టి, పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నారు.

"అబద్ధం తేలిపోయింది కదా, ఇక తినండి," అని మేడం వడ్డన మొదలుపెట్టింది. అనేహోలో ఒక పద్ధతి ఉంది. పాడడానికి వచ్చిన వాళ్ళలో మొదటి గిన్నె ముందు గొంతుకే ఇస్తారు. ఆ మనిషి ఒక ముద్ద మింగితే గాని మిగతావాళ్ళు చెయ్యి పెట్టకూడదు, వండినావిడ కూర్చోకూడదు. ఆవిరి కక్కుతున్న మొదటి గిన్నె దెలాలి ముందుకొచ్చింది. చేతులు కడుక్కోవడానికి నీళ్ళ పళ్ళెం వచ్చింది. ఆ అమ్మాయి చేతులు కడిగింది. మళ్ళీ కడిగింది. మూడోసారి కడుగుతోంది.

మాస్టారు లేచి వెళ్ళి ఆ గిన్నె తీసుకుని నిలబడే తినడం మొదలుపెట్టారు.

అరవై ఎనిమిదేళ్ళ మనిషి, మా బృందం పెద్ద, పరాయి ఊళ్ళో, ఒకరి ముందున్న గిన్నె లాక్కుని తింటున్నాడు. ముందుగా తేరుకున్నది మేడం. "ఆకలి బాగా ఉన్నట్టుంది," అని ఇంకో గిన్నె నింపి దెలాలి ముందు పెట్టింది. మాస్టారు మొదటిది బల్ల మీద పెట్టి రెండోది అందుకున్నారు.

"చూడండర్రా, పదకొండేళ్ళ ఆకలి," అన్నాను నేను. అందరూ నవ్వారు. ఆ మాట వెనక్కి తీసుకునే వీలుంటే ఈ డోలు ఇచ్చేస్తాను.

మూడో గిన్నెకి ఎవరూ నవ్వలేదు. ఆయన నుదుటి మీద చెమట కారుతోంది. ఒక చేత్తో బెల్టు వదులు చేసుకుంటున్నారు. రుచి చూసి తినే మనిషి అలా తినడు. ఆయన కళ్ళు గిన్నె మీద లేవు, మేడం చేతిలోని గరిటె మీద ఉన్నాయి. అది మళ్ళీ కుండలో మునిగి, నిండి, పైకి లేచింది.

"చాలు మాస్టారూ," అంది దెలాలి. "ఇక చాలు. కడుపు పగిలిపోతుంది మీకు."

"కూర్చో నువ్వు," అన్నారాయన నిండిన నోటితో.

ఆమె కూర్చోలేదు. తడి చేతులు రెండూ ముందుకు పట్టుకుని నిలబడి మేడం వైపు తిరిగింది. "పడనిది ఆయనకు కాదండీ. నాకు."

తరవాత చెప్పింది చాలా కొద్ది మాటల్లో చెప్పింది. బృందంలో చేరిన మొదటేడు, లోమేలో, చర్చి గది వెనక, ఎవరో ఇచ్చిన వేరుశనగ చేగోడీ ఒక్కటి తిన్నది. మాస్టారు కనబడని ముందు గొంతును వెతుక్కుంటూ వచ్చి, నేల మీద పడి ఉండడం చూసి, మోటారు సైకిలాపి ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు ఫ్రెంచిలోనే మాట్లాడాడు. ఇంకో పది నిమిషాలాగితే పాడడానికే కాదు, పిలవడానికి కూడా మనిషి ఉండేది కాదని కాగితం మీద రాసి ఇచ్చాడు. తెలివి వచ్చాక ఆమె మాస్టారి చేతులు పట్టుకుంది. ఎవరికీ చెప్పొద్దని. అప్పటికి నెల క్రితమే పెళ్ళి నిశ్చయమైంది. పెళ్ళికొడుకు వాళ్ళకు తెలిస్తే ఏ గుడికో మొక్కిన పిల్ల అంటారు. మొక్కున్న పిల్ల చర్చిలో ముందు గొంతు ఎలా అవుతుందని మనవాళ్ళూ అంటారు.

"ఆయన ఎందుకని అడగలేదు," అంది దెలాలి. "ఆ డాక్టరు దగ్గరే కూర్చుని కాగితం చూస్తూ ఫ్రెంచి వాక్యాలు రాసుకున్నారు. సరే, అయితే నాకు పడదు, అన్నారు. అంతే."

యావా పిన్ని మాత్రం ఉండలేకపోయింది. "ఇంతకీ అది ఏ దేవత…"

"దేవతా లేదు, మొక్కూ లేదు," అంది మేడం. గరిటె ఇంకా గాల్లోనే ఉంది. "అది డాక్టరు జబ్బు. ముప్ఫై నాలుగేళ్ళలో నా తరగతిలో ఇద్దరు పిల్లలకి చూశాను. ఒకణ్ణి ఆసుపత్రికి చేర్చగలిగాను." ఆవిడ గరిటెను కుండలోకి కాదు, పక్కన నీళ్ళ తొట్టిలోకి వేసింది. వెనక్కి తిరిగి అమ్మాయిల్ని కేకేసింది. "ఆ కుండ పక్కింటికి పంపండి. గిన్నెలన్నీ బూడిదతో తోమండి, నిమ్మకాయతో మళ్ళీ తోమండి. బల్ల కడగండి. మీ చేతులు నాకు చూపించి తరవాత వేరే పొయ్యి వెలిగించండి."

యావా పిన్ని లేచి కొంగు దోపుకుని తోమడానికి వెళ్ళింది. ఏమీ అనకుండా ఆవిడ చేసిన పని నాకు తెలిసి అదొక్కటే.

నేను మాస్టారి పక్కన కూర్చున్నాను. ఏదో ఒకటి చెప్పాలి. "పులుసు ఎలా ఉంది మాస్టారూ?" అని అడిగాను.

"మొదటి గిన్నె అద్భుతం," అన్నారు. "మా ఆవిడ చేసేదానికంటే బావుంది. ఊళ్ళో అనకు. మిగతా రెండూ నాకు గుర్తు లేవు."

పదకొండేళ్ళుగా ఆ మనిషి వెనక నిలబడి డోలు కొట్టాను. ఆయన చెయ్యెత్తితే ఎత్తాను, దించితే ఆపాను. ఆ సాయంత్రం ఆయన పక్కన బల్ల మీద కూర్చుంటే, నా ఒంట్లో ఎముకలు ఒక అంగుళం పొడుగైనట్టనిపించింది. అనేహో వాళ్ళు ఎవరైనా వచ్చి ఈయన ఎవరని అడిగితే బావుండునని చూశాను. మా మాస్టారు అని చెబుదామని.

మేడం వంట మధ్యలోనే ఎర్ర సిరా కలం తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. కాగితం దిద్దింది. మూడో వాక్యం మార్చింది. తొమ్మిది కొట్టేసి కొత్తది రాసింది. పదకొండులో అలర్జీని గరిటె దగ్గర్నుంచి తీసి మనిషికి అప్పజెప్పింది. అడుగున, స్టాంపు పక్కనే, పద్నాలుగుకి ఆరు అని మార్కులు వేసింది. "ధైర్యానికి ఒకటి కలిపాను. లేకపోతే అయిదే," అంది. ముప్ఫయ్యేళ్ళు ఇతరులకి మార్కులు వేసిన మాస్టారు ఆ ఆరు వైపు చాలాసేపు చూసుకున్నారు.

ఎండ వాలేసరికి కొత్త కుండ దిగింది. టమాటా పులుసు, పైన ఎండురొయ్యల పొడి. మొదటి గిన్నె దెలాలికే ఇచ్చారు. ఈసారి చేతులు ఒక్కసారే కడుక్కుంది. ముద్ద మింగి, తలెత్తి, బావుందంది. మేడం కూర్చుంది. మేమంతా మీదపడ్డాం. పక్క కుండ వైపు ఎవరూ చూడలేదు, చూద్దామన్నా అక్కడ లేదు. నేను మూడుసార్లు పోయించుకున్నాను.

కాసేపటికి మెడ మళ్ళీ మొదలైంది. ఈసారి చెవులదాకా పాకింది. పెదవి కూడా కొంచెం బరువెక్కింది. డ్రైవరు ఎదురుగానే ఉన్నాడు. "చూడు, నీ నల్లులు నన్ను వదిలేటట్టు లేవు," అన్నాను.

"నువ్వు మధ్యాహ్నం బస్సు దిగినవాడివి మళ్ళీ ఎక్కావా?" అన్నాడతను. "అప్పట్నుంచీ చర్చి బల్ల మీదే ఉన్నావు. ఇక్కడా నల్లులున్నాయా? ఆ మాట మేడంతో చెప్పు, నే వింటాను."

నేను గీరుకుంటూ ఏదో అనబోయాను. మాస్టారు నా మెడ వైపు చూస్తున్నారు. తరవాత నా గిన్నె వైపు చూశారు. అందులో అడుగున ఎర్రటి పొడి మిగిలింది. ఆయన నా చేతి కిందనుంచి ఆ గిన్నె నెమ్మదిగా అవతలికి జరిపారు. పాటల పుస్తకం తెరిచి, కవర్లోంచి దిద్దించుకున్న కాగితం తీసి, వెనకున్న తెల్లటి వైపుకి తిప్పి బల్ల మీద పరిచారు.

"మేడం, ఆ కలం ఒకసారి ఇస్తారా?" అన్నారు. "ఎండురొయ్యని ఫ్రెంచిలో ఏమంటారు?"

మేడం చెప్పింది. ఆయన రాసుకున్నారు. రాసి, గొంతు సవరించుకుని, లేచి నిలబడ్డారు. బల్ల చుట్టూ గరిటెలు ఆగాయి.

"రేపట్నుంచి నాకు ఎండురొయ్యలు కూడా పడవు," అన్నారు అగ్బెకో మాస్టారు.